నూనె గడ్డకట్టిన నలభై ఒక్క రోజులు

జంపయ్యవి మోటు చేతులు. పదహారో ఏట నుంచి వెదురు నరికిన చేతులు, వేసవి పొడుగునా కల్లంలో తునికాకు కట్టలు లెక్కబెట్టి పరిచిన చేతులు. ఏడో తరగతిలో ఆశ్రమ పాఠశాల గోడ దూకి వచ్చేశాక పుస్తకం ముట్టని చేతులు. అలాంటి చేతులకు నలభై నాలుగో ఏట ఒక సున్నితమైన పని దొరికింది. రోజూ పొద్దున పది గంటలకు పంచాయతీ ఆఫీసు డాబా ఎక్కాలి. పల్చటి తొడుగులు వేసుకోవాలి. అరచేతిలో సగం కూడా ఉండని తెల్లటి గుండ్రటి ఫిల్టరును చిన్న పట్టకారుతో పట్టి మిషన్లో పెట్టాలి. నిన్నటిది తీసి డబ్బీలో దాచాలి. వేలు తగలకూడదు, ఊపిరి తగలకూడదు. గూట్లోంచి పిట్టగుడ్డు తీసినట్టు తీసేవాడు. రెండేళ్ళలో ఒక్కటంటే ఒక్కటి చింపలేదు.

ఊరు పాలవాగు గుంపు. కోయ పల్లెను అక్కడ గుంపనే అంటారు. సారపాక నుంచి అశ్వారావుపేట వైపు పోయే దారిలో తారు రోడ్డు దిగి, అడవిలోకి ఆరు కిలోమీటర్లు. తొంభై కోయ ఇళ్ళు. ఊరికి ఉత్తరాన కిలోమీటరు దూరంలో కంకర క్వారీ. అది వచ్చి నాలుగేళ్ళయింది. వచ్చినప్పటి నుంచి ఇప్పపూలు ఏరుకొచ్చి నాలుగు నీళ్ళలో కడిగినా పళ్ళ కింద ఇసుక కరకరలాడుతుంది. జంపయ్య పెళ్ళాం కన్నమ్మ దగ్గు మొదలుపెడితే అవతలి వీధి కుక్క లేచి కూర్చుంటుంది. ఆ క్వారీని ఇప్పుడు రెండింతలు చేస్తామంటున్నారు. ఫిబ్రవరిలో ఊళ్ళోనే అధికారులు కూర్చుని జనం మాట వింటారు. ఆ రోజు గుంపు చేతిలో ఉండేది ఒక్కటే: డాబా మీద మిషన్ రెండేళ్ళుగా కొలిచిన గాలి లెక్క. కంటికి కనబడే తెల్ల దుమ్ము కాదు, కనబడనిది. వెంట్రుకను నిలువునా ముప్పై చీలికలు చేస్తే అందులో ఒక చీలికంత ఉండి, ఊపిరితిత్తుల అడుగుకు దిగిపోయి మళ్ళీ పైకి రాని దుమ్ము.

ఆ లెక్కకు కాపలాదారు జంపయ్య. తప్పు చేసిందీ అతనే.

మిషన్ మధ్యలో ఒక చిన్న గిన్నె ఉంటుంది. ఐదు రోజులకోసారి అందులో కాగితం లాంటి బిళ్ళ మార్చి, సీసాలోని నూనె చుక్కలు దాని మీద వేయాలి. వేయమన్నారు, వేశాడు. ఎందుకో ఎవరూ చెప్పలేదు. జీతగాడికి ఎందుకు అన్నది చెప్పే అలవాటు ఆఫీసులకు ఉండదు. డిసెంబరు ఎనిమిదిన సీసా ఖాళీ అయింది. జంపయ్య హైదరాబాదుకు మూడుసార్లు ఫోన్ చేశాడు. బస్సు పార్సిల్లో పంపుతున్నామన్నారు. మూడోసారి సామాను చూసే మనిషి విసుక్కుని, "ఏదో ఒకటి సర్దుకోవయ్యా, వారంలో వస్తది" అని పెట్టేశాడు.

జంపయ్య సర్దాడు. ఇంట్లో ఇప్ప నూనె ఉంది. కన్నమ్మ గింజలు ఎండబెట్టి, దంచి, ఆడించి తెచ్చిన నూనె. కూరలోకి అదే, పగిలిన మడమలకు అదే, వేల్పు ముందు దీపానికీ అదే. దానికన్నా శుద్ధమైన వస్తువు ఆ ఇంట్లో లేదు. పొయ్యి పక్కన వెచ్చబెట్టి, మడత గుడ్డలో మూడుసార్లు వడగట్టి, మిషన్‌కు పోశాడు. పోసి, పుస్తకంలో ఎప్పటిలాగే "నూనె మార్చిన" అని రాశాడు. ఏ నూనె అన్న గడి ఆ పుస్తకంలో లేదు.

వారంలో వస్తుందన్న సీసా రాలేదు. మిషన్ ఆగలేదు. అడిగినవాడు లేడు.

జనవరి పద్దెనిమిదిన సాయిప్రియ వచ్చింది. ఇంజనీరు. సత్తుపల్లి దగ్గర పల్లె, వయసు ఇరవై ఏడు. జీపులోంచి రెండు పెట్టెలు దింపించింది. ఒకటి జంపయ్య మిషన్ లాంటిదే, హైదరాబాదులో కొత్తగా సరిచూసి తెచ్చినది. రెండోది టిఫిన్ డబ్బా అంత కూడా లేదు. లోపల దీపం వెలిగించి, ఆ వెలుగులో మెరిసే దుమ్మును లెక్కబెట్టే డబ్బా. ఫిల్టరూ లేదు, పంపు మోతా లేదు.

"మూడింటినీ పక్కపక్కన పెట్టి పది రోజులు నడుపుతామండి. ఒకే డాబా, ఒకే గాలి. మూడూ ఒకే మాట చెప్పాలి," అంది.

"చెప్పకుంటే మేడం?"

"కొత్త మిషన్ చెప్పిందే నిజం. మీ పాతది దానికి పదో వంతు లోపల ఉండాలి. లేకపోతే అది మొదటి నుంచీ తప్పు చెప్తోందని రాయాల్సి వస్తుంది."

"మొదటి సంది అంటే... రెండేండ్లదీనా?"

"ఎప్పటి నుంచి చెడిందో తెలియనప్పుడు మొత్తం తీసెయ్యడమే పద్ధతి."

జంపయ్యకు భయం పట్టుకుంది. అప్పటికి భయం నూనె గురించి కాదు. మిషన్ ముసలిదయింది, పంపు అరుస్తోంది, దాని గురించి.

మిట్ట మధ్యాహ్నం ఆమె పాత మిషన్ విప్పింది. గాలి ఎంత లాగుతోందో చూసింది, సరిగ్గా ఉంది. ఎక్కడైనా కారుతోందా అని చూసింది, లేదు. గిన్నె తెరిచింది. నూనె ఎండకు నిగనిగలాడుతోంది.

"ఇదేంటి, బిళ్ళ పసుపుగా ఉంది?"

ఆ ఒక్క నిమిషంలో చెప్పి ఉంటే అయిపోయేది. సీసా రాలేదని, ఇంటి నూనె పోశానని అనడానికి నాలుగు మాటలు. కానీ ఎదురుగా ఉన్నది తనకన్నా చదువుకున్న మనిషి. మూతికి మాస్కు, చేతికి తొడుగులు. పెళ్ళాం దంచిన నూనె పోశానంటే నవ్వుతుందేమోనని సిగ్గేసింది.

"దుమ్ము మేడం," అన్నాడు.

ఆమె తలూపి మూసేసింది.

రోజూ పదింటికి రెండు ఫిల్టర్లూ తీసి, చల్లటి పెట్టెలో పెట్టి, బస్సులో ఖమ్మంలోని ల్యాబుకు పంపేవారు. తూకం మర్నాడు ఫోన్లో వచ్చేది. మొదటి లెక్క రాగానే సాయిప్రియ మొహం మారింది. కొత్త మిషన్ యాభై రెండు. చిన్న డబ్బా యాభై తొమ్మిది. జంపయ్య మిషన్ డెబ్బై నాలుగు.

"డబ్బా సంగతి నాకు తెలుసు. తెల్లారుజామున మంచు పడితే దాన్ని కూడా దుమ్మే అనుకుంటుంది. దానికి ఆవిరికీ పొగకీ తేడా తెలియదు. మరి మీదానికి ఏమైంది?" అంది.

రెండో లెక్క వచ్చింది. నలభై తొమ్మిది, డెబ్బై ఒకటి. అంతే ఎడం.

మొదటి లెక్కతోనే ఊళ్ళో మాట పాకింది. కన్నమ్మ తమ్ముడు రమణ ఆ సాయంత్రమే ఇంటి ముందుకొచ్చి నిలబడ్డాడు. గుంపు తరఫున కాగితాలు మోసేదీ, భద్రాచలం ఆఫీసుల చుట్టూ తిరిగేదీ అతనే.

"ఏంది బావా, నీ మిషన్ ఎక్కువ జూపిస్తుందంట?"

"అవ్. ఇరవై ఎక్కువ."

"మంచిదే గద! ఎక్కువ జూపిస్తే క్వారీవోనికి నొప్పి, నీకేంది?"

"ఎక్కువ గాదురా. అబద్ధమైతే రెండేండ్లది మొత్తం గుంజి పారేస్తరంట."

రమణ నవ్వు ఆగిపోయింది. "అట్లెట్ల పారేస్తరు? వాళ్ళ అబ్బ సొమ్మా?"

నాలుగో రోజు డాబా మీద టీ తాగుతుంటే జంపయ్యే అడిగాడు. రెండేళ్ళలో మొదటిసారి అడిగాడు. "మేడం, ఆ నూనె ఎందుకు పోస్తరు?"

సాయిప్రియ గ్లాసు పక్కన పెట్టి, వేలితో గోడ మీద గీసి చూపించింది. "గాలి పైనుంచి జోరుగా వస్తుంది. గిన్నె దగ్గర ఒక్కసారిగా పక్కకు మలుపు తిరుగుతుంది. సన్న దుమ్ము తేలిక కాబట్టి గాలితో పాటు తిరిగి కింద ఫిల్టర్ మీద పడుతుంది. లావు దుమ్ము తిరగలేదు, పోయి గిన్నెకు గుద్దుకుంటుంది. నూనె దాన్ని పట్టేసుకోవాలి. లేకపోతే ఎగిరి మళ్ళీ ఫిల్టర్ మీదే పడుతుంది. అప్పుడు సన్నదీ లావుదీ కలిపి తూచినట్టే."

"బంక లెక్క," అన్నాడు జంపయ్య.

"బంకా?"

"మా నాయిన పిట్టలు పట్టేటోడు మేడం. రావి పాలు, మేడి పాలు కలిపి బంక జేసి కొమ్మలకు పూసేటోడు. పిట్ట వాల్తే కాళ్ళు అంటుకపోతయి."

"అదే! సరిగ్గా అదే," అని ఆమె నవ్వింది.

జంపయ్య నవ్వలేదు. నాయన చెప్పిన ఇంకో మాట గుర్తొచ్చింది. చలికాలం పొద్దున బంక పెట్టొద్దురా, బిగిసిపోతుంది, పిట్ట వాలి తోక ఊపి పోతుంది. ఆ వెనకే ఇంట్లో పొయ్యి పక్కన ఎప్పుడూ ఉండే సీసా గుర్తొచ్చింది. కన్నమ్మ దాన్ని పొయ్యి పక్కనే ఎందుకు పెడుతుంది? చలికి ఇప్ప నూనె నెయ్యిలా గడ్డకడుతుందని. కోయ ఇంట పుట్టిన ప్రతి పిల్లకూ తెలిసిన ముచ్చట. తను నూనె పోసేది ఎండ ఎక్కాక పదింటికి. ఆమె విప్పి చూసింది మధ్యాహ్నం. తెల్లారుజామున ఆ గిన్నెలోకి తొంగిచూసిన వాళ్ళెవరు?

 టీ చల్లారిపోయింది, తాగలేదు.

అయినా తెలుసుకోకుండా ఒప్పుకునే మనిషి కాదు. ఆ సాయంత్రం సీసా మూతలో ఇప్ప నూనె పోసి, డాబా పిట్టగోడ మీద మిషన్ పక్కనే పెట్టి వచ్చాడు. తెల్లవారి తూర్పు తెల్లబడగానే వెళ్ళి చూశాడు. మూతలో నూనె కదల్లేదు. తలకిందులు చేశాడు. పడలేదు. వేలితో నొక్కితే మైనంలా గట్టిగా తగిలింది.

మెట్ల మీద అడుగుల చప్పుడు. రమణ. పొలానికి పోతూ పైన మనిషిని చూసి ఎక్కొచ్చాడు.

"ఏంజేస్తున్నవ్ బావా చలిల?"

జంపయ్య దాచలేదు. మూత చూపించి మొత్తం చెప్పాడు. రమణ కాసేపు మూత వైపు, కాసేపు మిషన్ వైపు చూశాడు.

"సరే. కొత్త నూనె సీసా తెచ్చింది గద ఆమె. పదింటికి ఫిల్టర్ మారుస్తవ్ గద. అప్పుడే బిళ్ళ మార్చెయ్. కొత్త నూనె పొయ్యి. రేపటి సంది రెండు మిషన్లు ఒక్కటే చెప్తయి. నోరు మూసుకో."

"అప్పుడు ఈ నలభై దినాల లెక్క?"

"ఉండనియ్. ఆ లెక్కలు చూసే గద మన తలరాత మారేది! డిసెంబరు, జనవరి అంకెలు జూస్తే ఆఫీసర్ కుర్చీల నుంచి లేస్తడు."

"అయ్యి దొంగ అంకెలు రా."

"క్వారీవోడు పేల్చే దుమ్ము దొంగదా? అక్క దగ్గు దొంగదా?" రమణ గొంతు లేచింది. "నీ నోట్ల నుంచి ఈ మాట బయటకొస్తే ఏమైతదో ఎరికేనా? మిషన్ల ఇప్ప నూనె పోసిన్రంట అని క్వారీవోడు మైకుల జెప్పి నవ్వుతడు. గుంపు మొత్తాన్ని నవ్వుతడు."

ఆ మాట జంపయ్యకు ముల్లులా దిగింది, ఎందుకంటే అది నిజం. రమణ దిగిపోయాడు. జంపయ్య డాబా మీదే కూర్చున్నాడు. కొత్త నూనె సీసా సాయిప్రియ పెట్టెలో ఉంది. పెట్టె తాళం తన దగ్గరే ఉంది. నాలుగు చుక్కలు, రెండు నిమిషాల పని. ఎవరికీ తెలియదు. లేచి పెట్టె దాకా వెళ్ళాడు. తాళంచెవి పెట్టాడు, తిప్పలేదు. వెనక్కి వచ్చి కూర్చున్నాడు.

తొమ్మిదిన్నరకు సాయిప్రియ వచ్చింది. ఫోన్ చెవికి ఉంది. మెట్లు ఎక్కుతూనే "సరే సార్... సరే సార్" అంటోంది. ఫోన్ పెట్టేసి అతని కళ్ళలోకి చూడలేదు.

"హైదరాబాదులో మా పెద్దాయన ఆపేయమన్నారండి. మూడో లెక్క కూడా అంతే వచ్చింది. మధ్యాహ్నం మూడింటికి వ్యాను వస్తుంది, పాత మిషన్ ఎక్కించి పంపాలి. మొత్తం డేటా పనికిరాదని రాసెయ్యమన్నారు." ఫోన్ సంచిలో పడేసింది. "ఇంకో మాట కూడా అన్నారు. మీరు రాత్రిళ్ళు పంపు ఆపేసి, రాసేటప్పుడు నడిచిందని రాస్తున్నారేమో కనుక్కోమన్నారు."

"పంపు ఒక్క గంట గూడ ఆపలే," అన్నాడు జంపయ్య.   "పంపు ఆపలే మేడం. నూనె మార్చిన."

"నూనె ఐదు రోజులకోసారి మారుస్తారుగా?"

"అట్ల గాదు. నూనెనే మార్చిన. మీ సీసా అయిపోతే మా ఇంటి ఇప్ప నూనె పోసిన. ఆ రోజు మీరడిగితే దుమ్మని అబద్ధం జెప్పిన."

 అతను పిట్టగోడ మీది మూత తెచ్చి సాయిప్రియ చేతిలో పెట్టాడు. ఎండ తగిలిన వైపు అప్పుడే కరగడం మొదలైంది, లోపల ఇంకా గట్టిగానే ఉంది. ఆమె గోటితో గీరింది. వాసన చూసింది. గబగబా పాత మిషన్ దగ్గరకు పోయి గిన్నె తీసింది. మిషన్ లోపల నీడలో ఉన్న ఆ గిన్నెలో నూనె అంచుల్లో తెల్లగా పేరుకుని ఉంది.

"ఎప్పటి నుంచి?"

"డిసెంబరు ఎనిమిది."

"పుస్తకంలో ఎక్కడుంది?"

"లేదు మేడం."

"మరి ఎలా? మీరు డిసెంబరు అంటున్నారు, మొన్న దుమ్మన్నారు. రెండేళ్ళ నుంచీ ఇదే పోయలేదని మా సార్‌కి ఏం చూపించి చెప్పను? మీ మాట ఒక్కటే చాలదు జంపయ్య గారూ!"

జంపయ్య మెట్లు దిగి ఇంటికి పరిగెత్తాడు. పది నిమిషాల్లో మూడు ఇనుప తీగలు చేత్తో పట్టుకుని వచ్చాడు. తునికాకు కల్లంలో పన్నెండేళ్ళు చేసిన అలవాటు అది. ఏ రోజు చిట్టీ ఆ రోజు తీగకు గుచ్చేసేవాడు. చిట్టీ పోతే కూలి మనిషి కష్టం పోతుంది. ఇక్కడికి వచ్చాక, పారేయమన్న బిళ్ళలను పారేయడానికి మనసొప్పక, అదే పద్ధతిలో గుచ్చుతూ వచ్చాడు. ప్రతి బిళ్ళ పక్కనా తేదీ రాసిన కాగితం ముక్క. రెండేళ్ళ బిళ్ళలు, వరస తప్పకుండా.

"చూడున్రి," అన్నాడు రొప్పుతూ.

ఆమె తీగలను ఎండలోకి పట్టింది. ఒక్కో బిళ్ళా జరిపింది. వంద దాటాయి. అన్నీ బూడిదరంగు, నూనె వాసన లేదు. మూడో తీగ చివర డిసెంబరు ఎనిమిది దాటాక రంగు మారింది. పసుపు బిళ్ళలు ఎనిమిది, మైనం పూసినట్టు బిరుసుగా, దగ్గర పెడితే ఇప్ప వాసన. తొమ్మిదోది గిన్నెలోనే ఉంది.

సాయిప్రియ ఒక్కో బిళ్ళకూ ఫోటో తీసింది. తర్వాత గిన్నె కడిగింది, కొత్త బిళ్ళ వేసి కొత్త నూనె పోసింది. పెద్దాయనకు ఫోన్ చేసి అరగంట వాదించింది. "నాలుగు రోజులివ్వండి సార్" అన్న మాట పొలం నుంచి వచ్చి కింద నిలబడ్డ రమణ దాకా వినిపించింది.

మూడింటికి వచ్చిన వ్యాను ఖాళీగా తిరిగిపోయింది.

ఆ నాలుగు రోజులూ జంపయ్యతో ఎవరూ మాట్లాడలేదు. బోరింగు దగ్గర ఆడవాళ్ళు అతన్ని చూసి నోళ్ళు మూసుకునేవారు. కన్నమ్మ అన్నం వడ్డిస్తూ ఒక్క మాటే అంది: "నా నూనెకు ఎంత చెడ్డపేరు తెచ్చినవయ్యా." తర్వాత దగ్గింది. దగ్గు ఆగే దాకా అతను ముద్ద నోట పెట్టలేదు.

లెక్కలు వచ్చాయి. కొత్త మిషన్ యాభై మూడు, పాతది యాభై ఐదు. నలభై ఆరు, నలభై ఏడు. మిగతా రెండు రోజులూ అలాగే పక్కపక్కన నిలబడ్డాయి. సాయిప్రియ కాగితం రాసింది. డిసెంబరు ఎనిమిది నుంచి జనవరి పదిహేడు దాకా నలభై ఒక్క రోజులు కొట్టివేత; పద్దెనిమిది నుంచి కొత్త మిషన్ లెక్కే లెక్క. మిగతా రెండేళ్ళూ చెల్లుబాటు. దాని కింద జంపయ్య తన చేత్తో రాయాలి. వంకర అక్షరాలతో రాశాడు: "మిషన్ల ఇప్ప నూనె పోసింది నేనే. అడిగితే అబద్ధం చెప్పిన. ఎవరూ పొయ్యమనలేదు." సామాను చూసే మనిషి ఫోన్లో అన్న మాట రాయమని ఆమె బతిమాలింది. అతను రాయలేదు. పోసింది నా చేయి కదా అన్నాడు.

నెలాఖరున అతని పని పోయింది. పద్ధతి ప్రకారం ఆ చేతికి మళ్ళీ ఫిల్టర్ ఇవ్వకూడదట.

ఫిబ్రవరి ఇరవైన పంచాయతీ ముందు టెంటు వేశారు. క్వారీ తరఫు లాయరు రమణ చెప్పినట్టే చేశాడు. మైకు పట్టుకుని, "అయ్యా, వీళ్ళు గాలి కొలిచే యంత్రంలో వంటనూనె పోశారు! ఇదీ వీళ్ళ సైన్సు!" అన్నాడు. ముందు వరస కుర్చీలు గొల్లున నవ్వాయి. వెనక కింద కూర్చున్న గుంపు తల దించుకుంది.

అధికారి కాగితాలు తిరగేసి, "జంపయ్య ఎవరు?" అన్నాడు.

లేచి నిలబడ్డాడు. మైకు ఎట్లా పట్టుకోవాలో తెలియక రెండు చేతులా పట్టుకున్నాడు.

"నలభై ఒక్క రోజులు తప్పని నువ్వే రాశావు. మరి మిగతా రోజులు సరైనవని నిన్ను ఎట్లా నమ్మాలి?"

 రమణ పిడికిలి బిగించాడు.

"నమ్మకపోతే తీగలున్నయి సార్, జూడున్రి," అన్నాడు జంపయ్య. "తప్పినయి ఎన్నో నేనే జెప్పిన. నన్ను పట్టుకున్నోళ్ళు ఎవరు లేరు. చెప్పకుంటే మా ఊరికే లాభముండె. చెప్పిన. తప్పనియి ఎన్నో గూడ గా నోటితోనే జెప్తున్న."

అధికారి తీగలు తెప్పించుకుని చాలాసేపు చూశాడు. ఏదో రాసుకున్నాడు. ఆ రోజు క్వారీకి సంతకం పడలేదు. ఇంకో ఏడాది కొలవాలి, కొలిచాకే మాట అన్నాడు. గెలుపు కాదు. ఓటమీ కాదు. క్వారీ ఆ సాయంత్రం కూడా రెండుసార్లు పేల్చింది.

పోయేటప్పుడు రమణ పక్కన నడిచాడు. నెల తర్వాత మొదటి మాట. "కొలువు పోయింది గాని బావా, నోరు మాత్రం పోలే నీది."

జంపయ్య మర్నాడు వెదురు కోతకు బయలుదేరాడు. పదయ్యే సరికి కాళ్ళు తమంతట తామే పంచాయతీ ముందు ఆగాయి. డాబా మీద ఆ వారమే చేరిన కొత్త మనిషి, తండా నుంచి వచ్చిన ద్వాలి అనే పిల్ల, గిన్నె విప్పి బిక్కమొహం వేసుకుని నిలబడింది. అతన్ని చూసి పిట్టగోడ మీదుగా వంగింది.

"అన్నా, రెండు సీసాలున్నయి. ఏది పొయ్యాలె?"

ఒకటి అప్పట్లో తను వదిలేసిన ఇప్ప నూనె సీసా. జంపయ్య మెట్లెక్కలేదు. ఎక్కే హక్కు లేదు. కిందనుంచే చెప్పాడు.

"వాసన జూడు చెల్లే. ఏ వాసనా రానిదే పొయ్యి. ఏ సీసాలది పోసినవో పుస్తకంల రాయి. గడి లేకుంటే గీసుకో."